కటింగ్ మిషన్‌కు శాలువా సన్మానం

ఆ రోజుల్లో మా మార్కాపురం చుట్టుపక్కల కరెంటు మిషన్ కొన్న ప్రతి మగవాడూ ఇంటికెళ్ళి ముందుగా చేసే పని ఒకటే ఉండేది. దానికున్న గార్డు విప్పి అటక మీద పడేయడం. గార్డంటే మరేం లేదు, కటింగ్ మిషన్ బ్లేడుకు సగం చుట్టూ ఉండే ఇనుప రేకు. బ్లేడు పగిలినా, చెయ్యి జారినా మనిషిని కాపాడేది అదే. కంపెనీవాళ్ళు ఎంతో ఆలోచించి దాన్ని బిగించి పంపితే, మావాళ్ళు దాన్ని మిఠాయి పెట్టె మీద చుట్టిన కాగితంలా చూసేవాళ్ళు. విప్పి పారేస్తే తప్ప లోపలి సరుకు దక్కదన్నట్టు. ఇక ప్లగ్గు సంగతి చెప్పనక్కర్లేదు. కొత్త వైరు చివరనున్న ప్లగ్గును కోసేసి, తీగలను బోర్డు బెజ్జాల్లోకి దోపి, ఊడకుండా అగ్గిపుల్లలు గుచ్చితే కరెంటు 'బలంగా' వస్తుందని మా ప్రాంతంలో గట్టి నమ్మకం. చెప్పులు విడిచి పనిచేయడం మిషన్ పట్ల భక్తి. కళ్ళద్దాలు పెట్టుకోవడం పిరికితనం. ఇంత శ్రద్ధగా చేసినా ఎవరికైనా దెబ్బ తగిలిందంటే అది దిష్టి. (దిష్టికి మాత్రం మా దగ్గర ఏర్పాట్లు పకడ్బందీగా ఉండేవి. నిమ్మకాయ కట్టని మిషన్ వెతికినా దొరికేది కాదు.)

అలాంటి ఊళ్ళో నేను పాలిటెక్నిక్‌లో డిప్లమా పూర్తిచేసి, జనానికి ఈ మిషన్లు ఎలా వాడాలో చెప్పే ఉద్యోగంలో చేరాను. అది బస్టాండు రోడ్డులో ఒక హార్డ్‌వేర్ దుకాణం. యజమానిని అందరూ 'దుకాణం మామ' అనేవాళ్ళు, నేనూ అదే పిలుపు. మాకు ఏ విధంగానూ చుట్టం కాదు. మా వైపు మనుషులకు పేర్లుంటాయి కానీ అవి రేషన్ కార్డులో రాయించుకోవడానికే. పిలవాలంటే వరస కలపాల్సిందే. మిషన్లమ్మే దుకాణంలో చదువుకున్న మనిషి ఒకరుండాలని కంపెనీవాళ్ళు పట్టుబడితే మామ నన్ను పెట్టుకున్నాడు. "మగపిల్లోళ్ళయితే పని నేర్చుకోంగానే హైదరాబాదు పోతారు. ఆడపిల్ల యాడికి పోతది?" అని నా ముందే అందరికీ చెప్పేవాడు. దాన్ని మెచ్చుకోలుగా తీసుకోవాలని నేను చాలా ప్రయత్నించాను.

మా ఇల్లు తర్లుపాడు దగ్గర. నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. ఆయన ఎడమచేతి చూపుడువేలు సగమే ఉండేది. నా చిన్నప్పుడు ఒకరోజు పనిలో చొక్కా చెయ్యి మడవడం మర్చిపోయాడు. వేలాడే ఆ అంచును చక్రం పట్టుకుని లాగింది, చొక్కాతో పాటు చెయ్యి కూడా వెళ్ళింది. ఫ్యాక్టరీవాళ్ళు మర్నాడే వచ్చి చర్య తీసుకున్నారు: మిషన్‌కు కొబ్బరికాయ కొట్టారు. ఆ వేలు ఏమైందని ఎవరన్నా అడిగితే నాయన నవ్వుతూ, "పలకలకిచ్చినాలే. యాడనో ఒక బడిలో అ ఆలు దిద్దుతుంటది" అనేవాడు. ఆ మాటకు అందరూ నవ్వేవాళ్ళు. అమ్మ మాత్రం ఎప్పుడూ నవ్వలేదు.

నేను దుకాణంలో చేరడం నాయనకు ఇష్టం లేదు. నలుగురు మగవాళ్ళు వచ్చిపోయే చోట ఆడపిల్ల నిలబడి డ్రిల్లు మిషన్లు తిప్పి చూపించడమేమిటని ఆయన బాధ. చర్చిలో ప్రార్థన అయ్యాక పదిమందీ అడుగుతున్నారట. నేను అన్నం మానేసి, అమ్మ మాట్లాడటం మానేసి, చివరికి ఒప్పించాం. ఒప్పుకుంటూ ఒక షరతు పెట్టాడు. "బజార్లో నీ గురించి ఒక్కటంటే ఒక్క మాట వినపడిందా, ఆ పొద్దే దుకాణం బంద్. మర్యాదగా ఇంట్లో కూచోవాల" అని ఆ సగం వేలు ఊపాడు. మామూలుగా ఆయన ఆ వేలితో బెదిరిస్తే నాకు సగం భయమే వేసేది. ఆ రోజు మాత్రం పూర్తిగా వేసింది. ఇంట్లో కూర్చోవడమంటే ఏమిటో నాకు తెలుసు. మా వీధిలో నాకంటే ముందు చదివినవాళ్ళ సర్టిఫికెట్లు ట్రంకుపెట్టెల్లో చీరల కింద అడుగున పడున్నాయి. నాది కూడా అక్కడికి చేరకూడదని మొండిపట్టు పట్టాను.

కాబట్టి ఎవరినీ నొప్పించకుండా, ఎవరి నోటా పడకుండా, మగవాళ్ళకు మిషన్ వాడకం నేర్పాలి. అదీ నా ఉద్యోగం. మిషన్ కొన్నవాడు అడిగే మొదటి ప్రశ్న, "పాపా, ఈ గార్డు ఎట్ల విప్పాల?"

"విప్పకూడదు బాబాయ్."

"అది నువ్వు చెప్పేది. విప్పేది ఎట్లని నేను అడిగేది."

బేస్తవారిపేట నుంచి ఒక మేస్త్రీ వచ్చాడు. నేను నోరు తెరవకముందే చొక్కా పైకెత్తి తన అనుభవాన్ని చూపించాడు. "ఇది డ్రిల్లుది. ఇది రంపానిది. ఇదిగో, ఈ గీత మార్బుల్ కటింగ్‌ది. నాకు నేర్పిస్తావా నువ్వు?" మా దుకాణం సరుకంతా ఆయన ఒంటి మీద ఉంది. ఇంకొకాయన నా మాట మొత్తం విని, అటూ ఇటూ చూసి, "మగోళ్ళు ఎవురూ లేరా దుకాణంలో?" అన్నాడు. గల్లా దగ్గర్నుంచి మామ లేచి వచ్చి నేను చెప్పిందే తప్పుల్తో చెప్పాడు. అప్పుడాయనకు అంతా అర్థమైపోయింది. (మామకు ఆ మిషన్ స్విచ్చి ఎక్కడుందో కూడా తెలియదు. 'ఆ పక్కన ఉంటది చూడు' అంటూ గాల్లో చెయ్యి తిప్పాడు.)

ప్రతి మిషన్‌తోనూ కంపెనీ ఒక జత కళ్ళద్దాలు ఉచితంగా ఇచ్చేది. ఆ కళ్ళద్దాలు మార్కాపురం డివిజన్‌లో ఎక్కని ముఖం లేదు. మోటార్‌సైకిల్ మీద పోయే కుర్రాళ్ళు పెట్టుకున్నారు, పెళ్ళిచూపుల ఫోటోకు పెళ్ళికొడుకులు పెట్టుకున్నారు, చవితి మండపంలో వినాయకుడికీ పెట్టారు. మిషన్ ముందు మాత్రం ఎవరూ పెట్టుకోలేదు. గిద్దలూరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి తన భార్య ఎండుమిరపకాయలు దంచేటప్పుడు పెట్టుకుంటుందని చెప్పాడు. అందరి వాడకంలోకీ అర్థమున్నది అదొక్కటే అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇలా ఉండగా, ప్రతి దుకాణమూ జనాన్ని పిలిచి మిషన్లను ప్రమాదం లేకుండా ఎలా వాడాలో ఒకరోజు చేసి చూపించాలని కంపెనీ నుంచి కబురొచ్చింది. నేను ఎగిరి గంతేశాను. ఒక బల్ల, ఒక ఇనుప చువ్వ, ఒక కటింగ్ మిషన్, పదిమంది మేస్త్రీలు చాలు, గంటలో చూపిస్తానన్నాను. మామ నావైపు జాలిగా చూసి, "అట్ల చేస్తే ఎవురికి తెలుస్తది పాపా?" అన్నాడు. వారం తిరిగేసరికి అది సభ అయిపోయింది. షామియానా, మైకు, కుర్చీలు, ఫోటో అతను, ఉప్మా. ఫ్లెక్సీ కూడా వేయించాడు. అందులో ముఖ్య అతిథి బొమ్మ నిలువెత్తున, మామ బొమ్మ నడుం దాకా, మిషన్ బొమ్మ అరచేయంత. నేను రాసిచ్చిన జాగ్రత్తలన్నీ అడుగున చీమల్లా అచ్చయ్యాయి. కట్టాక చూస్తే ఆ అడుగుభాగం కాస్తా బల్ల వెనక్కి పోయింది.

ముఖ్య అతిథిని ఊరంతా 'శాలువా పెదనాయన' అనేది. పొలాలూ కాంట్రాక్టులూ ఉన్న మనిషి. బోరుబావికి మొదటి మీట నొక్కాలన్నా, జ్యూసు బండిలో మొదటి గ్లాసు తాగాలన్నా, కొత్త మంగలిషాపులో మొదటి గడ్డం గీయించుకోవాలన్నా ఆయనే. వెళ్ళిన ప్రతిచోటా ఒక శాలువా. ఆయన బీరువాలో తన చీరలకు చోటు లేదని వాళ్ళావిడే చెప్పుకునేది. కప్పినవాడి కళ్ళముందే శాలువా తీయడం ఆ మనిషిని అవమానించినట్టని ఆయన సిద్ధాంతం. అందుకని సభ అయ్యాక కూడా తీయడు. మే నెల ఎండలో కూడా శాలువాతోనే మెయిన్ బజారు మీదుగా, కొంచెం చుట్టుదారి అయినా సరే, ఇంటికెళ్ళేవాడు. ఆయన త్రిపురాంతకం రోడ్డులో కల్యాణమండపం కట్టించబోతున్నాడు. దానికి కావలసిన సామానంతా తన దుకాణం నుంచే వెళ్ళాలని మామ ఆశ. అదీ సభ వెనకున్న అసలు సేఫ్టీ.

మామ ఇంకో ఆలోచన కూడా చేశాడు. రిబ్బన్ కట్టి, దాన్ని పెదనాయన చేత కత్తెర బదులు కటింగ్ మిషన్‌తోనే కత్తిరింపిస్తే పేపర్లో పడుతుందని. రిబ్బన్ బ్లేడుకు చుట్టుకుంటే ముందుగా పడేది పేపర్లో కాదు, ఆస్పత్రిలో అని నచ్చజెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. చివరికి ఇనుప చువ్వకే రాజీపడ్డాడు. అదీ నిప్పురవ్వలు దీపావళిలా లేస్తాయని ఆశపెడితే. నేను ముందుజాగ్రత్తగా ఆ మిషన్‌కు గార్డు గట్టిగా బిగించి స్పానరు దాచేశాను.

సభకు నాయన కూడా వచ్చాడు. కూతురు ఏం వెలగబెడుతోందో చూద్దామని పని మానుకుని, చర్చికి వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని, చివరి వరసలో కూర్చున్నాడు. మామ మైకు నా చేతికిచ్చి జాగ్రత్తలు చదవమన్నాడు. నేను నిలబడి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి, గార్డు విప్పకూడదు, బ్లేడు మార్చేముందు ప్లగ్గు తీయాలి అంటూ చదువుకుంటూ పోయాను. "మిషన్ పట్టుకున్న మనిషి ఒంటి మీద వేలాడే గుడ్డలేవీ ఉండకూడదు, తుండుగుడ్డలు, దండలు, గొలుసులు తీసి పక్కన పెట్టాలి" అనగానే షామియానా దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి. నా మాటకేననుకుని ఒక్క క్షణం మురిసిపోయాను. తిరిగి చూస్తే నా వెనక మామ, పెదనాయనకు జరీ అంచు శాలువా కప్పి, మోకాళ్ళ దాకా వేలాడే చామంతి దండ వేస్తున్నాడు.

వేసి ఊరుకోలేదు. "ఇప్పుడు పెదనాయన గారి అమృత హస్తాలతో" అంటూ కటింగ్ మిషన్ తీసి ఆ హస్తాల్లో పెట్టాడు.

నేను మైకు కిందికి దించి, "మామా, శాలువా తీయమని చెప్పు. దండ గూడా" అన్నాను.

"నీకేమన్నా పిచ్చా? కప్పినోణ్ణి నేనే తీయమంటే ఏమన్నా ఉంటదా? మండపం పని పోయిందంటే నువ్వు నిలబడే దుకాణమే ఉండదు."

ఇక నేనే వెళ్ళాను. నాకు చేతనైనంత వినయంగా, "పెదనాయనా, ఆ శాలువా ఇట్లియ్యండి, పని అయిందాకా నేను పట్టుకుంటా" అన్నాను.

"ఉండనీలే పాపా, బరువేం గాదు" అన్నాడాయన. జనం నవ్వారు. ముందు వరసలో ఎవరో, "పిల్లకు శాలువా మీద కన్నుపడిందిరో" అన్నారు. ఇంకా నవ్వారు. నేను చివరి వరస వైపు చూశాను. నాయన నవ్వడం లేదు. బజారు మాట మొదలైపోయినట్టేనని నాకు అర్థమైంది. ఇంకొక్క మాటంటే రేపట్నుంచి ఇంట్లోనే. నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది, పెదనాయన మెడే ఉంటుందో ఉండదో.

పెదనాయన స్విచ్చి ముందుకు నెట్టాడు. ఆ స్విచ్చి ఒకసారి నెడితే, వెనక్కి లాగేదాకా అక్కడే నిలిచిపోయే రకం. బ్లేడు గుయ్యిమంది. శాలువా జరీ అంచు దాని పక్కనే ఊగుతోంది. ఆయన ఫోటో అతని వైపు చూసి నవ్వుతున్నాడు. నాకు చొక్కా చెయ్యి ఒకటి కళ్ళముందు మెదిలింది. నేనేం ఆలోచించలేదు. పక్కనే కిందున్న జంక్షన్ బాక్సులోంచి ప్లగ్గు పీకేశాను.

మిషన్ ఆగిపోయింది. పెదనాయన రెండుసార్లు దాన్ని ఊపి చూసి, బల్ల మీద పెట్టేసి, నా చేతిలోని మైకు తీసుకున్నాడు. "చూసినారా? కరెంటు పోయింది! ఇట్లుండాది మన కరెంటు పరిస్థితి. ఒక మంచిపని చేద్దామంటే కరెంటు ఉండదు!" అని అందుకున్నాడు. మైకు ఖణేలుమని పలుకుతోంది. ఆయన నెత్తి మీద ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. ఆ గాలికి ముందు వరసలోవాళ్ళ జుట్టు ఎగురుతోంది. వాళ్ళందరూ తలలూపుతూ, "ఔనప్పా, కరెంటు లేదు", "పొద్దున్నుంచీ ఇట్లనే" అంటున్నారు. మామ కర్చీఫుతో విసురుకోవడం కూడా మొదలుపెట్టాడు. పెద్దమనిషి కరెంటు లేదన్నాక ఫ్యాను తిరిగితే మాత్రం ఎవరు ఒప్పుకుంటారు?

నాకు మాత్రం వేరే భయం పట్టుకుంది. బల్ల మీద పడున్న మిషన్‌కు స్విచ్చి ముందుకు నెట్టే ఉంది. పెదనాయన ఉపన్యాసంలో వేడి పెరిగి బల్ల మీదికి వంగాడు. శాలువా కొసా దండ కొసా కలిసి సరిగ్గా బ్లేడు మీద ఒద్దికగా పడుకున్నాయి. స్విచ్చి వెనక్కి లాగుదామని నేను బల్ల వైపు రెండడుగులు వేశాను. అదే నా తప్పయింది. నేను కదలగానే జంక్షన్ బాక్సు, సభకు మైకు అద్దెకిచ్చిన మైకుసెట్ బావ కంటపడింది. సాయం చేయడంలో మా జిల్లాలో అతన్ని మించినవాడు లేడు. "ఓస్, ప్లగ్గు ఊడిందా!" అని వంగి, దాన్ని శుభ్రంగా గుచ్చేశాడు.

బల్ల మీద మిషన్‌కు ప్రాణమొచ్చింది. గుయ్యిమని ఎగిరి, శాలువా కొస నోట కరుచుకుని, ఒక్క లాగు లాగింది. శాలువా పెదనాయన భుజాల మీంచి సర్రున జారిపోయింది. ఆ విసురుకి ఆయన ఒక చుట్టు తిరిగి కుర్చీలో కూలబడ్డాడు. దండ దారం ఫట్టుమని తెగింది. చామంతులు ముక్కలు ముక్కలై ముందు వరస మీద, ఉప్మా మీద, మామ నోట్లో పడ్డాయి. నేను వెనక్కి ఒక్క గంతువేసి మళ్ళీ ప్లగ్గు పీకాను. పెదనాయన మెడలో ఉత్త దారం మిగిలింది. శాలువా మొత్తం మిషన్‌కు చుట్టుకుని ఉంది. అంత నిండుగా శాలువా కప్పించుకున్న మిషన్ దేశంలో అదొక్కటే అయ్యుంటుంది. అప్పుడు జనం చప్పట్లు కొట్టారు. అదంతా కార్యక్రమంలో భాగమే అనుకున్నారు పాపం.

మామ పూరేకులు ఉమ్మేసి, "ఎవురు పెట్టినార్రా ప్లగ్గు?" అని అరిచాడు. "నేనే మామా! ఎవురో పీకేసినారు, నేను చూసి పెట్టినా" అన్నాడు మైకుసెట్ బావ, మెచ్చుకుంటారని ఎదురుచూస్తూ. "పీకిందెవురు?" అన్నాడు మామ.

"నేనే పీకినా. మొదట గూడా నేనే పీకినా. కరెంటు యాడికీ పోలా" అన్నాను. అనుకోకుండా అరిచినట్టున్నాను. పెదనాయన ఒళ్ళో పడున్న మైకు ఆ మాటను అందుకుని ఊరి చివరిదాకా చేరవేసింది. నాయన వద్దన్నది బజార్లో ఒక్క మాట. నేను ఏకంగా లౌడ్ స్పీకర్లో వినిపించాను. చివరి వరసలో ఆయన లేచి నిలబడటం కనిపించింది. అయిపోయింది, నన్ను ఇంటికి తీసుకుపోవడానికే వస్తున్నాడనుకున్నాను.

కానీ పెదనాయన సామాన్యుడు కాదు. ఇన్ని శాలువాలు ఊరికే రావు కదా. మామ, నేను, నాయన ఎవరం ఇంకో మాట అనకముందే ఆయన దారం సర్దుకుని, లేచి, మైకు పట్టుకున్నాడు. "చూసినారా? శాలువా ఉంటే ఏమైతదో కండ్లారా చూసినారా? నోటితో చెప్తే మీరు వినరనే నేనూ ఈ పాపా అనుకుని ఇట్ల చేసి చూపించినాం! నా ప్రాణం పోయినా పర్లేదు, మీరు నేర్చుకోవాలని!" అన్నాడు. షామియానా మళ్ళీ దద్దరిల్లింది. మామకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పెదనాయన త్యాగానికి మెచ్చి (నమ్మండి, ఇది నేను కల్పించింది కాదు) కంపెనీ నుంచి ఎవరైనా వస్తే కప్పుదామని తెచ్చి దాచిన రెండో శాలువా తీసి ఆయనకు కప్పాడు. కప్పి, మిషన్‌కు చుట్టుకున్న మొదటి శాలువాను విప్పి, మిషన్‌ను మళ్ళీ ఆయన చేతుల్లో పెట్టి, "ఊ, ప్లగ్గు పెట్టు పాపా" అన్నాడు.

ప్లగ్గు నా గుప్పిట్లో ఉంది. ఉద్యోగం ఎలాగూ పోయిందనుకున్నాక మనిషికి ఎక్కడలేని ధైర్యమొస్తుంది. "పెట్టను. పెదనాయన ఇప్పుడే గదా చెప్పినాడు శాలువా ఉంటే ఏమైతదో. ఆయన మాట ఆయనే తప్పుతాడా?" అన్నాను. ఈసారి జనం నన్ను చూసి నవ్వలేదు. అందరూ ఆయన వైపు చూశారు. పెదనాయన నన్ను కాసేపు తేరిపార చూశాడు. ఆ చూపులో కోపం ఎంతో, ఒక గడుసు మనిషి ఇంకో గడుసు మనిషిని గుర్తుపట్టడం ఎంతో నేను చెప్పలేను. తర్వాత, ఆయన జీవితంలో బహుశా మొదటిసారి, కప్పినవాడి ఎదుటే శాలువా తీశాడు. తీసి ఎవరికివ్వాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మామ చెయ్యి చాపితే, మళ్ళీ కప్పేస్తాడేమోనని కాబోలు, ఇవ్వలేదు.

"మా నాయనకియ్యండి. అదిగో, వస్తుండాడు" అన్నాను.

నాయన కుర్చీల మధ్యనుంచి అప్పటికే స్టేజీ దగ్గరికి వచ్చేశాడు. రెండు చేతులూ చాచి ఆ శాలువా అందుకున్నాడు. ఆ సగం వేలు జరీ అంచు మీద కనపడుతూ ఉంది. ఇన్నేళ్ళు ఊరి పిల్లలందరికీ పలకలు కోసిచ్చిన మనిషికి ఎవరూ ఒక తుండుగుడ్డ కూడా కప్పలేదు. ఆ పూట ఆయన పట్టుకున్నది కూడా ఇంకొకరిదే. నాకు దుఃఖం ఆగలేదు. కళ్ళద్దాలు పెట్టుకున్నాను. అంత పనికొచ్చిన కళ్ళద్దాలు మా దుకాణంలో మళ్ళీ లేవు. పెదనాయన కూడా కళ్ళద్దాలూ గ్లౌజులూ తొడుక్కుని, నేను చెప్పినట్టే నిలబడి, చువ్వను బుద్ధిగా కోశాడు. నిప్పురవ్వలు మామ ఆశపడ్డంతా లేచాయి.

సాయంత్రం తర్లుపాడు ఆటోలో నాయన నా పక్కనే కూర్చున్నాడు. ఊరు దగ్గర పడుతుండగా, "రేపు దుకాణానికి ఎన్నింటికి పోవాల?" అన్నాడు.

"పోవచ్చా నాయనా?"

"కొంచెం ముందుగానే పో. ఆ మైకు పిలగాడు మళ్ళా ఏం గుచ్చుతాడో." చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "ఆ పొద్దు నా పక్కన ప్లగ్గు పీకేటోళ్ళు ఎవురూ లేకపాయె" అన్నాడు. ఆయన ఆ వేలు గురించి నవ్వకుండా మాట్లాడింది అదొక్కసారే.

మర్నాటి నుంచి పెదనాయన ప్రాణాలకు తెగించి ఊరికి సేఫ్టీ నేర్పిన కథ బజారంతా పాకింది. అందులో నా ఊసే లేదు కనుక నాయన షరతు కూడా చెక్కుచెదరలేదు. మండపం సామాను మా దుకాణం నుంచే వెళ్ళింది. ఊరేమన్నా మారిందా అంటారా, ఒకటి మారింది. మేస్త్రీలు తుండుగుడ్డలు తీసి పక్కన పెట్టి పనిచేయడం మొదలెట్టారు. ఎందుకంటే కటింగ్ మిషన్‌కు శాలువాలంటే పడదనీ, ఎవరన్నా కప్పుకుంటే దానికి కన్నెర్రనీ నమ్మకం పుట్టింది. కారణం ఏదైతేనేం అని నేను సరిపెట్టుకున్నాను. గార్డు ఎట్ల విప్పాల అని మాత్రం అడుగుతూనే ఉన్నారు.

ఇప్పుడు నాకూ మార్కాపురంలో మిషన్లు బాగుచేసే షాపు ఒకటుంది. మొన్నామధ్య గిద్దలూరు దగ్గర ఒక ట్రైనింగ్ కాలేజీలో సేఫ్టీ గురించి చెప్పి, కటింగ్ మిషన్ నడిపి చూపించమని నన్ను పిలిచారు. ముఖ్య అతిథిని నేనే. మాట్లాడుతుండగానే వెనకనుంచి భుజాల మీద మెత్తగా ఏదో పడింది, మెడలో చల్లగా పూలు పడ్డాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. నిజం చెప్పొద్దూ, ఎంత బాగుందో! తీయాలని తెలుసు. ఊరూరా తిరిగి చెప్పేది అదే. కానీ చెయ్యి పైకి లేస్తే ఒట్టు. శాలువా పెదనాయన మీద ఇన్నేళ్ళూ నవ్వుకున్న నవ్వంతా ఆ క్షణంలో నా మీదికే తిరిగొచ్చింది. చివరికి తీశాననుకోండి, కాకపోతే ఫోటో అయ్యాక. ఆ ఫోటో షాపులో గల్లా వెనక కట్టించి పెట్టాను. అందులో నేను శాలువా, దండలతో నిండుగా నవ్వుతూ నమస్కారం పెడుతుంటాను. దగ్గరగా వచ్చి చూసినవాళ్ళు, ఆ రెండు చేతుల మధ్య నుంచి వేలాడే నల్లటి వైరేమిటక్కా అని అడుగుతారు. అది ఆ మిషన్ ప్లగ్గు. నా సంగతి నాకు తెలుసు కనుక, దాన్ని ముందే పీకి, గుప్పిట్లో పట్టుకునే స్టేజీ ఎక్కాను.